డ్రైవర్ నడుమూ, డ్యూటీ చార్టూ

దూరప్రయాణం ముగిసి బస్సు ఆగగానే ప్రయాణికులు సంచులు అందుకుని గబగబా దిగిపోతారు. డ్రైవర్ మాత్రం వెంటనే లేవడు. ఇంజన్ ఆపి, స్టీరింగ్ మీద బరువు ఆన్చి, సీటు అంచుదాకా జరిగి, కడ్డీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతాడు. నేల మీద నిలబడ్డాక రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని ఒకసారి వెనక్కి వంగుతాడు. అతను లేచిన సీటు చూస్తే నడుము ఆనేచోట నాలుగు మడతలు పెట్టిన తువ్వాలు కనిపిస్తుంది. సీటు తయారుచేసినవాళ్లు వదిలేసిన ఖాళీని అతను తన తువ్వాలుతో పూడ్చుకున్నాడు. లారీల్లో అదే చోట పూసల కవరు, ఆటోల్లో పాత దిండు ముక్క. నడుము నొప్పి ఈ వృత్తిలో ఎంత మామూలైపోయిందంటే, దాన్ని సర్వీసుతో పాటు వచ్చే వస్తువుగా చెప్పుకునే డ్రైవర్లున్నారు. వైద్యులూ పరిశోధకులూ ఈ నొప్పి వెంట యాభై ఏళ్లుగా నడిచి ఒక ఊహించని చోటికి చేరారు. వెన్నుపూసలను కొలవడానికి వెళ్లినవాళ్లు చివరికి “మీ ఉద్యోగం మీకు నచ్చుతోందా?” అని అడగాల్సి వచ్చింది. నడుముకూ ఉద్యోగ సంతృప్తికీ లంకె ఉన్న మాట నిజమే. దానికి చెప్పుకుంటున్న అర్థం మాత్రం చాలాసార్లు తలకిందులుగా ఉందని నా వాదన. నొప్పినీ అసంతృప్తినీ పుట్టించేది ఒకే పనిదినం. ఒకదాన్ని రెండోదానికి కారణంగా చూపిస్తే ఆ పనిదినం తప్పించుకుపోతుంది.

ముందు శరీరం సంగతి చూద్దాం. కూర్చున్న మనిషి వెన్నుకు తనదైన ఊపు ఒకటి ఉంది, సెకనుకు సుమారు 4 నుంచి 6 సార్లు. బస్సులూ లారీలూ గతుకుల మీద ఊగే ఊపు చాలావరకు ఆ దగ్గర్లోకే వస్తుంది. రెండూ కలిసినప్పుడు సీటు ఇచ్చిన కుదుపు కన్నా వెన్ను తినే కుదుపు పెద్దదవుతుంది. ఊయలను దాని లయకు సరిగ్గా తోస్తే ఎత్తుకు లేచినట్టే ఇదీ. పెద్దయ్యాక వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులకు సొంత రక్తనాళాలు దాదాపు ఉండవు. చుట్టుపక్కల నుంచి ఊరి వచ్చే ద్రవమే వాటి ఆహారం. భంగిమ మారుతూ, బరువు పడుతూ తగ్గుతూ ఉంటే ఆ రాకపోకలు సాఫీగా సాగుతాయి. గంటల తరబడి ఒకే తీరున కూర్చునే డ్రైవర్‌కి కరువైంది అదే. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో జెన్నిఫర్ కెల్సీ బృందం 1975లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, పనివేళల్లో సగమో అంతకు మించో బండి నడిపే మగవాళ్లలో డిస్కు జారే ముప్పు మిగతావాళ్లకన్నా దాదాపు మూడు రెట్లు. లారీ డ్రైవర్లలో అది ఐదు రెట్ల దాకా వెళ్లింది. 1996లో అమెరికా, స్వీడన్ బస్సు, లారీ డ్రైవర్ల మీద వచ్చిన మరో అధ్యయనం ఇంకో మెలిక చూపించింది. ఏళ్ల తరబడి కుదుపులతో పాటు తరచూ బరువులు ఎత్తే పనీ ఉన్నవాళ్లకే ముప్పు అన్నిటికన్నా ఎక్కువ. మన లారీ డ్రైవర్ చేసేది అచ్చంగా ఇదే. రాత్రంతా నడిపి, దిగీ దిగగానే టార్పాలిన్ సర్ది తాళ్లు బిగిస్తాడు, పంక్చరైతే టైరు దొర్లిస్తాడు. కుదుపులకు అలిసిన నడుము కండరాలు ఆ క్షణంలో సమయానికి బిగుసుకోవు, బరువంతా వెన్ను మీదే పడుతుంది.

దీనికి గట్టి అభ్యంతరం ఫిన్లాండ్ నుంచి వచ్చింది. ఒకే పోలికతో, ఒకే జన్యువులతో పుట్టిన 45 జతల మగ కవలలను తీసుకున్నారు. ప్రతి జతలో ఇద్దరూ బండి నడిపిన కాలంలో పెద్ద తేడా ఉంది. ఇద్దరి వెన్నుకూ ఎంఆర్ఐ తీసి పోల్చితే, ఎక్కువకాలం నడిపినవాడి డిస్కులు మరీ ఎక్కువ అరిగినట్టు కనిపించలేదు. 2002లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఈ ఫలితాన్ని తేలిగ్గా తోసిపుచ్చకూడదు. కవలలను పోల్చడం కన్నా నిక్కచ్చి అయిన పద్ధతి ఈ రంగంలో మరొకటి దొరకడం కష్టం. అయితే అది తేల్చినది డిస్కు అరుగుదల గురించి, నొప్పి గురించి కాదు. నొప్పే లేని మామూలు మనుషుల ఎంఆర్ఐల్లోనూ అరిగిన డిస్కులు కొల్లలుగా కనిపిస్తాయి, నొప్పితో మెలికలు తిరిగేవాళ్లలో కొందరి స్కానింగు శుభ్రంగా ఉంటుంది. నడుము నొప్పితో వచ్చేవాళ్లలో అత్యధికులకు ఫలానా చోటే మూలమని వైద్యం వేలు పెట్టి చూపించలేదు. కాబట్టి ఫిన్లాండ్ కవలలు డ్రైవింగుకు నిర్దోషి పత్రం ఇవ్వలేదు. నొప్పిని ఎముకల బొమ్మలో వెతకడం చాలదని మాత్రం చెప్పారు. “స్కానింగులో ఏమీ లేదు, డ్యూటీకి వెళ్లొచ్చు” అనే మాట విన్న డ్రైవర్లకు ఈ తేడా ప్రాణంతో సమానం.

బొమ్మలో దొరకనిదాన్ని మనసులో వెతకడం ఆ తర్వాతి అడుగు. ఈ దారిలో అందరూ ఉదహరించేది విమానాలు తయారుచేసే బోయింగ్ కర్మాగారంలో జరిగిన అధ్యయనం. 3,020 మంది ఉద్యోగులను ముందుగా పరీక్షించి, ప్రశ్నించి, దాదాపు నాలుగేళ్లు గమనించారు. ఆ కాలంలో 279 మంది నడుము సమస్య వచ్చిందని కంపెనీకి తెలియజేశారు. తమ పని దాదాపు ఎన్నడూ నచ్చదన్నవాళ్లు, దాదాపు ఎప్పుడూ నచ్చుతుందన్నవాళ్లకన్నా 2.5 రెట్లు ఎక్కువగా ఆ జాబితాలోకి వచ్చారు. 1991లో ఈ ఫలితం వెలువడగానే వెన్ను వైద్యంలో గాలి మారింది. బరువులూ వంగడాలూ ఎంత ముఖ్యమో మనసూ అంతే ముఖ్యమన్న మాట పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. ఆ మార్పులో మేలు ఎంతో ఉంది. మనిషిని పూసల దొంతరగా చూసే అలవాటు తగ్గింది. కీడు కూడా వచ్చింది. పని ఇష్టం లేనివాడికి నడుము నొప్పి ఒక సాకు అన్న పాత అనుమానానికి శాస్త్రం ముసుగు దొరికింది. అధ్యయనాన్ని తిన్నగా చదివితే ఆ అనుమానానికి చోటు లేదు. అన్నిటికన్నా బలమైన సూచిక అంతకుముందే ఉన్న నడుము నొప్పి, ఆ తర్వాతే మిగతావి. పైగా అక్కడ లెక్కపెట్టింది నొప్పిని కాదు, నొప్పి వచ్చిందని చెప్పుకోవడాన్ని. ఇంకో మాట, అది డ్రైవర్ల మీద చేసిన అధ్యయనం కాదు. కర్మాగారంలో నిలబడి కుదురుగా చేసే పనికీ, సిటీ ట్రాఫిక్‌లో బస్సు నడపడానికీ పోలిక పెట్టే ముందు ఆగి ఆలోచించాలి.

డ్రైవర్ల గురించి అడగాల్సిన ప్రశ్నను డ్రైవర్లనే అడిగిన చోటు శాన్‌ఫ్రాన్సిస్కో. నిక్లాస్ క్రౌస్, డేవిడ్ రాగ్లండ్ తదితరులు ఆ నగర రవాణా సంస్థలోని 1,449 మంది డ్రైవర్లను ఐదేళ్లు గమనించి 1998లో ఫలితాలు ప్రకటించారు. తర్వాత ఆ గమనింపును ఏడున్నరేళ్లకు పొడిగించారు. మొత్తం సాహిత్యంలో నేను అన్నిటికన్నా ఎక్కువ విలువ ఇచ్చేది ఈ పనికే, కారణం ఒక్కటే. ఇతరులు శరీరాన్నో మనసునో ఎంచుకుంటే, వీళ్లు రెండింటినీ ఒకే తక్కెడలో పెట్టారు. వారానికి ఎన్ని గంటలు నడుపుతారు, ఏ రకం బండి, సీటు సర్దుకోవడంలో ఇబ్బంది ఉందా అన్నవి ఒకవైపు. పని ఒత్తిడి, పని మీద అసంతృప్తి, డ్యూటీలో ఎదురయ్యే తగవులూ చిక్కులూ ఇంకోవైపు. గంటలు పెరిగేకొద్దీ గాయాలు పెరిగాయి, పార్ట్‌టైం డ్రైవర్ల కన్నా ఫుల్‌టైం వాళ్లకు ముప్పు చాలా ఎక్కువ. గంటలనూ బండి రకాన్నీ లెక్కలోంచి సర్దుబాటు చేసి తీసేశాక కూడా ఒత్తిడి, అసంతృప్తి, చిక్కులు వాటి వాటా అవి నిలుపుకున్నాయి. అసంతృప్తి వాటా దాదాపు ఒకటిన్నర రెట్ల ముప్పు. అది చిన్నది కాదు, అలాగని గంటల బరువును మరిపించేంత పెద్దదీ కాదు. 2005లో అదే బృందం మరో అడుగు వేసింది. పని ఎక్కువ, పని మీద తన చెయ్యి తక్కువ అయిన చోట నడుము, మెడ గాయాలు పెరుగుతాయని చూపింది. చేసిన శ్రమకూ దక్కిన గుర్తింపుకూ పొంతన లేకపోవడం గురించి 2008లో చెప్పిందీ ఆ దారిలోనిదే.

ఈ రెండు కొలతలూ విడివిడిగా నిలబడ్డాయి కదా, అయితే శరీరం వేరు, మనసు వేరు అని కొందరు తీర్మానిస్తారు. గణాంకాల పట్టికలో అవి వేరే గళ్లలో ఉంటాయి. డ్యూటీలో వేరుగా ఉండవు. టెర్మినస్‌లో జరిగేది చూస్తే ఈ సంగతి తేటపడుతుంది. సిటీ బస్సు చార్టులో ప్రతి ట్రిప్పుకూ రన్నింగ్ టైం రాసి ఉంటుంది. చివరి స్టాపులో బస్సు తిప్పుకునే ముందు కొద్ది నిమిషాల విరామమూ ఉంటుంది. ట్రాఫిక్‌లో ఇరుక్కుని పది నిమిషాలు ఆలస్యంగా చేరితే తిరుగు ట్రిప్పు ఆలస్యం కాకూడదు కాబట్టి, కోత పడేది ఆ విరామానికే. ఆ పది నిమిషాల్లో డ్రైవర్ దిగి నాలుగడుగులు వేసేవాడు, నీళ్లు తాగేవాడు, మూత్రానికి వెళ్లేవాడు, తోటి డ్రైవర్‌తో రెండు మాటలు మాట్లాడేవాడు. వెన్నుకు బరువు దిగే సమయం అదే, మనసుకు ఊపిరి ఆడే సమయమూ అదే. ఒక్క కోత రెండింటినీ కోసేసింది. సాయంత్రం పరిశోధకుడు వచ్చి ప్రశ్నాపత్రం ఇస్తే ఒక గడిలో నడుము నొప్పి అని, ఇంకో గడిలో అసంతృప్తి అని టిక్కు పడుతుంది. ఆ రెండు టిక్కుల వెనకా ఉన్న పది నిమిషాలకు గడి ఉండదు.

మన ఆర్టీసీల్లో ఇలాంటి చోట్లు ఇంకా ఉన్నాయి. ఇంజన్ ముందుండే బస్సుల్లో బానెట్ వేడి ఎడమకాలి పక్కనే. ట్రాఫిక్‌లో ఆ కాలు క్లచ్ మీద లేస్తూ పడుతూనే ఉంటుంది, దాంతో కటి ఒక పక్కకు వాలుతూ ఉంటుంది. కండక్టర్ లేని సర్వీసుల్లో డ్రైవరే టికెట్లిచ్చే టిమ్ యంత్రం పట్టుకుని, సీట్లో కూర్చునే పక్కకు మెలితిరిగి టికెట్ కొడతాడు, చిల్లర ఇస్తాడు. ఇద్దరు మనుషుల పని ఒకరి మీద పడ్డ ఒత్తిడీ, నడుము తిప్పడమూ ఒకే కదలికలో ఉన్నాయి. కేఎంపీఎల్ తగ్గితే, అంటే లీటరుకు నడిచిన కిలోమీటర్లు తగ్గితే, డిపోలో జవాబు చెప్పుకోవాలి. ఆ లెక్క గుండెల్లో పెట్టుకున్నవాడు గుంత వచ్చిన ప్రతిచోటా బ్రేకు తొక్కి, మళ్లీ గేరు మార్చి నింపాదిగా పోలేడు. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది. ఎందరో ఆడపిల్లల చదువుకూ ఉద్యోగానికీ అది దారి వేసింది, దాన్ని నేను మనసారా సమర్థిస్తాను. అయితే ఎక్కి దిగేవాళ్లు పెరిగితే స్టాపులో బస్సు ఆగే సమయం పెరుగుతుంది. ఆ సమయం చార్టులోకి ఎక్కకపోతే అది ఎక్కడి నుంచి వస్తుందో పైన చూశాం.

ఇక్కడ గడుసైన అభ్యంతరం ఒకటుంది. నొప్పి ఉన్నవాడికి ఏ ఉద్యోగమూ నచ్చదు, మీరు కారణాన్నీ ఫలితాన్నీ తారుమారు చేస్తున్నారు అని. ఒక్కరోజు వెళ్లి ప్రశ్నాపత్రాలు నింపించుకొచ్చే అధ్యయనాలకు ఈ దెబ్బ గట్టిగానే తగులుతుంది. మన దేశంలో డ్రైవర్ల నడుము నొప్పి మీద వచ్చినవి ఎక్కువభాగం ఇలాంటివే. ఎందరికి నొప్పి ఉందో అవి చెప్పగలవు, ఏది ముందో చెప్పలేవు. సంతృప్తిని ముందే కొలిచి తర్వాత ఏళ్ల తరబడి చూసిన బోయింగ్, శాన్‌ఫ్రాన్సిస్కో పనులకు బలం అందుకే వచ్చింది. అంత మాత్రాన వివాదం తీరలేదు. 2000లో హోగెన్‌డోర్న్ బృందం అప్పటిదాకా వచ్చినవాటిని సమీక్షించి, ఉద్యోగ అసంతృప్తి, తోటివారి అండ లేకపోవడం నడుము నొప్పికి దారితీస్తాయనడానికి బలమైన ఆధారం ఉందంది. నాలుగేళ్లకే హార్ట్‌విగ్‌సెన్ బృందం ముందుకు గమనించిన అధ్యయనాలనే తీసుకుని, పని పట్ల భావనకూ నడుము నొప్పికీ సంబంధం లేదనడానికే ఓ మోస్తరు ఆధారం ఉందంది. ఇద్దరూ నిజాయితీపరులే. నాకు తోచే కారణం ఇది. అసంతృప్తిని మనిషి స్వభావంలా, ఏ ఉద్యోగానికైనా ఒకే కొలబద్దతో కొలిస్తే ఫలితం ఊగిసలాడుతుంది. ఆఫీసు గుమాస్తా అసంతృప్తికీ బస్సు డ్రైవర్ అసంతృప్తికీ వెనక ఉన్న పనులు వేరు. ఒకే వృత్తిని పట్టుకుని, పనిలోని వివరాలను అడిగిన శాన్‌ఫ్రాన్సిస్కోలో లంకె నిలబడింది.

కొలబద్ద సంగతి మన దగ్గర ఇంకా చిక్కు. “ఉద్యోగం తృప్తిగా ఉందా?” అంటే మన డ్రైవర్లలో చాలామంది “ఏదో, నడుస్తోందండి” అంటారు. ఆ జవాబును ప్రశ్నాపత్రంలో సంతృప్తి కింద వేసుకుంటే మోసపోతాం. పిల్లల ఫీజులు, ఇంటి అద్దె కళ్లముందున్న మనిషి తన బతుకుతెరువును కొత్తవాళ్ల ముందు తక్కువ చేసి మాట్లాడడు. పర్మినెంటు ఆర్టీసీ డ్రైవర్, అద్దె బస్సు డ్రైవర్, లారీ మీద ట్రిప్పుకు బత్తా తీసుకునేవాడు, ఫైనాన్స్‌లో ఆటో కొని తానే యజమాని అయినవాడు, యాప్‌లో క్యాబ్ నడిపేవాడు, వీళ్లందరికీ సంతృప్తి అన్న మాట ఒకే అర్థం ఇవ్వదు. ఆటోవాలా మీద అజమాయిషీ చేసే అధికారి లేడు, ఆ లెక్కన స్వేచ్ఛ ఎక్కువ. కానీ కిస్తీ తేదీ ఏ డిపో మేనేజర్ కన్నా కఠినం. షేర్ ఆటోలో పక్కన ఇంకొకర్ని కూర్చోబెట్టుకుంటే అతను సగం సీటు మీద వంకరగా కూర్చుని నడుపుతాడు. ఆ వంకర అతని ఇష్టమే అని ఎవరైనా అనవచ్చు. కిరాయి కిస్తీకి చాలి ఉంటే ఆ ఇష్టం ఎటు ఉండేదో ఊహించడం కష్టం కాదు. పరిశోధకులు మరో సంగతి మరవకూడదు. నడుము భరించలేక సీటు వదిలేసినవాళ్లు సర్వే నాడు స్టాండులో ఉండరు. మిగిలినవాళ్లలో కనిపించే నొప్పి అసలుకన్నా తక్కువే చూపిస్తుంది.

అందరికీ నడుము నొప్పి ఉంటుంది కదా అనే మాటకు జవాబు చెప్పాలి. 2020లో ప్రపంచంలో దాదాపు 61.9 కోట్ల మంది నడుము నొప్పితో ఉన్నారని అంచనా. మనుషుల్ని పనికి దూరం చేసే జబ్బుల్లో దానిది మొదటి స్థానం. నొప్పి రావడం సర్వసాధారణమన్నది ఒప్పుకుంటాను. తేడా అంతా వచ్చిన నొప్పి ఏమవుతుందన్న దగ్గర ఉంది. 1996 అమెరికా, స్వీడన్ అధ్యయనంలో నొప్పిని పుట్టించినవి కుదుపులూ బరువులూ అయితే, నొప్పి కారణంగా పనికి రాలేకపోవడాన్ని ప్రభావితం చేసింది పని ఒత్తిడి. స్కాట్లాండ్ వైద్యుడు గోర్డన్ వాడెల్ జీవితమంతా చెప్పిందీ ఇదే, నొప్పి వేరు, దానివల్ల వచ్చే అశక్తత వేరు. మామూలు నడుము నొప్పికి మంచం పట్టడం కన్నా వీలైనంత కదులుతూ, పనిలో ఉంటూ కోలుకోవడం మేలని ఇప్పుడు వైద్యం ఒప్పుకుంటుంది. ఆఫీసులో అది వీలవుతుంది, మధ్యలో లేచి తిరగవచ్చు. డ్రైవర్‌కి సగం నడపడం అంటూ లేదు. ఎక్కితే పూర్తి డ్యూటీ, లేకపోతే సెలవు. లైట్ డ్యూటీ అడిగితే అన్‌ఫిట్ ముద్ర పడుతుందేమోనని భయం. దాంతో అతను నొప్పిని దాచి, మెడికల్ షాపులో మాత్ర కొనుక్కుని సీటెక్కుతాడు. ఉద్యోగం మీద నమ్మకం ఉన్నచోట నొప్పి మొదటి వారంలోనే బయటికి వస్తుంది, లేనిచోట మంచాన పడ్డాకే వస్తుంది. సంతృప్తి నడుము మీద పనిచేసే దారుల్లో ఇది ఒకటని నా నమ్మకం, దీనికి ఏ మర్మమూ అక్కర్లేదు.

యోగా శిబిరాలు, వ్యాయామాల పోస్టర్లు పెడితే చాలదా అని యాజమాన్యాలు అడుగుతాయి. వ్యాయామం నిజంగా మేలు చేస్తుంది, చెయ్యాలి కూడా. కానీ పద్నాలుగు గంటలు బయట గడిపి వచ్చినవాడికి ఆ అరగంట ఎవరు ఇస్తారు? 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అంది. ఐదు గంటల పని దాటకముందే కనీసం అరగంట విశ్రాంతి అంది. డబుల్ డ్యూటీ, ఓటీ మామూలైనచోట ఆ అరగంటే మొదటి చికిత్స. యూరప్ 2002లో డ్రైవర్ ఒంటికి తగిలే కంపనానికి ఎనిమిది గంటల కొలతతో హద్దులు పెట్టింది, 0.5 మీ/సె² దాటితే చర్య తీసుకోవాలి, 1.15 దాటకూడదు. జర్మనీ 1993లో, ఫ్రాన్స్ 1999లో దీర్ఘకాలం కుదుపులు తిన్నవారి నడుము జబ్బును వృత్తివ్యాధిగా గుర్తించాయి. మన దగ్గర 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ లారీల క్యాబిన్‌కు ఏసీ తప్పనిసరి అయింది. డ్రైవర్ కూర్చునే చోటు గురించి చట్టం ఆలోచించడం మొదలైనందుకు సంతోషం, అదే చూపు సీటు కింది స్ప్రింగు దాకా దిగాలి. అమెరికాలో లారీ డ్రైవర్లకు చీటీలు తీసి రెండు రకాల కొత్త సీట్లు ఇచ్చి చూశారు. కుదుపును ఎదుర్కొంటూ తానే కదిలే కరెంటు సీటు దక్కినవారిలో కంపనమూ, నడుము నొప్పీ మామూలు గాలి సీటువారికన్నా బాగా తగ్గాయి. అలాంటి సీటు మనకు ఖరీదే. ఉన్న సీటు లివరు విరిగిపోతే వారంలో బాగుచేయడానికి అంత ఖర్చు లేదు, డ్రైవర్ మాట వినే మెకానిక్ ఉంటే చాలు. స్టాక్‌హోంలో ఒక రద్దీ రూటును మార్చి చూశారు. బస్సులకు ప్రత్యేక లేను, సిగ్నళ్లలో వెసులుబాటు, స్టాపుల సవరణ. ఆ రూటు డ్రైవర్లకు చిక్కులు తగ్గాయి, రక్తపోటు, గుండె వేగం, ఒత్తిడి తగ్గాయి. వాళ్లు అక్కడ నడుమును కొలవలేదు, అందుకే దాన్ని రుజువుగా చూపను. డ్రైవర్‌కి ధైర్యం చెప్పే బదులు రోడ్డును సరిచేస్తే మనిషి కుదుటపడతాడని మాత్రం అది చూపించింది.

ఇక మనకు కావలసిన అధ్యయనం ఎలా ఉండాలో చెప్పడం కష్టం కాదు, దానికి కావలసిన సరుకు డిపోల్లోనే ఉంది. ఎవరు ఏ రూటులో ఎన్ని గంటలు నడిపారో చార్టులు చెబుతాయి, ఏ బస్సు ఎప్పుడు మరమ్మతుకు వెళ్లిందో గ్యారేజీ పుస్తకం చెబుతుంది, సిక్ లీవుల రిజిస్టరు ఉంది. కొత్తగా చేరిన డ్రైవర్లను చేరిన రోజు నుంచే, నొప్పి రాకముందే పట్టుకుని ఏళ్ల తరబడి చూడాలి. ఉద్యోగం వదిలేసినవాళ్ల ఇళ్లకూ వెళ్లాలి. జవాబులు డిపో అధికారుల చేతికి వెళ్లవన్న హామీ ముందే ఇవ్వాలి, లేకపోతే “నడుస్తోందండి” దగ్గరే ఆగిపోతాం. ప్రశ్నాపత్రంలో ఉద్యోగం నచ్చుతోందా అన్న ప్రశ్న ఉండనివ్వండి. దానికి ముందు, మొదటి వరసలో ఒక ప్రశ్న ఉండాలి: నిన్న చార్టులో మీకు రాసిన విశ్రాంతి ఎన్ని నిమిషాలు, అందులో మీరు బస్సు దిగి నిలబడగలిగింది ఎన్ని నిమిషాలు?